ప్రమాదమా? నేరమా?

పాఠ్యభాగ ఉద్దేశం

వాహనం నడపడంలో దుడుకుతనమో నిర్లక్ష్యమో ఒక నిండుప్రాణాన్ని బలిగొన్నప్పుడు చట్టం ఆ చర్యను ఎట్లా పరిశీలిస్తుంది, ఏ శిక్ష విధిస్తుంది, మృతుని కుటుంబాన్ని ఏ విధంగా ఆదుకొంటుంది అనే విషయాలను విద్యార్థులకు తెలియజేయడం, వాహనం నడిపే వ్యక్తికి గల బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

బెజవాడ స్థలపురాణంలో మాధవవర్మ మహారాజు గాథ ప్రసిద్ధమైనది. రాకుమారుడు రథమెక్కి నగరవీధిలో అతివేగంగా పోతుండగా, చింతచిగురు అమ్ముకొని జీవించే ఒక పేదరాలి బిడ్డ ఆ రథచక్రాల క్రింద నలిగి మరణించాడు. ఆ తల్లి రాజు ముంగిట నిలిచి మొరపెట్టుకొన్నది. ప్రాణానికి ప్రాణమే బదులని నిశ్చయించిన రాజు తన కుమారునికే మరణదండన విధించాడు. ఆ ధర్మనిష్ఠకు దైవం మెచ్చి నగరంపై కనకవర్షం కురిపించిందనీ, మరణించిన బాలురిద్దరూ పునర్జీవితులైనారనీ గాథ ముగుస్తుంది.

ఈ గాథలో గమనింపదగిన అంశాలు రెండున్నాయి. రథం నడిపినవాడు రాజు కొడుకా, బంటు కొడుకా అన్న భేదాన్ని రాజు పాటించలేదు. ఇది మొదటి అంశం. రాజు ఫలితాన్ని మాత్రమే చూచాడు. రాకుమారుడు కావాలని చంపాడా, అజాగ్రత్త వలన చంపాడా అనే ప్రశ్న అక్కడ తలెత్తలేదు. ఇది రెండవ అంశం. నేటి న్యాయశాస్త్రం మొదటి అంశాన్ని పూర్తిగా శిరసావహించింది. రెండవ అంశంలో మాత్రం వేరొక మార్గాన్ని ఎన్నుకొన్నది. చేసిన పనితోపాటు చేసినవాని మనఃస్థితిని, చేసిన తరువాత వాని ప్రవర్తనను కూడా నేటి న్యాయస్థానం తూచి చూస్తుంది. కథలో బాలుడు తిరిగి లేచి వచ్చాడు. లోకంలో పోయినవారు తిరిగి రారు. కనుకనే ఈ తూకం ఎట్లా జరుగుతుందో వాహనం చేతపట్టే ప్రతివ్యక్తీ ముందుగానే తెలిసికొనవలసి ఉన్నది.

మన సీమ, మన రహదారి

ఉరవకొండ వద్ద మొదలై అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం పట్టణాలను ఒకే దారంలో గుచ్చి, తమిళనాట కృష్ణగిరిని చేరుకొంటుంది. మదనపల్లె టమోటా మార్కెట్టు నుండి సరకు నింపుకొన్న లారీలు తెల్లవారేలోగా దూరనగరాలను చేరాలన్న తొందరలో రాత్రంతా పరుగులు తీస్తాయి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కావడం వలన పొరుగు రాష్ట్రాల వాహనాల రాకపోకలు అక్కడ అధికం. అదే దారిపై పాలక్యానులు కట్టిన మోపెడ్లు, మేతకు పోయే పశువులు, పల్లెల నుండి కళాశాలకు వచ్చే విద్యార్థుల మోటారు సైకిళ్లు సాగుతుంటాయి. వేగమూ, నెమ్మదీ ఒకే దారిని పంచుకొనవలసిన పరిస్థితి ఇది.

2021 ఫిబ్రవరి 14వ తేదీ వేకువజామున, మదనపల్లె నుండి అజ్మీరు యాత్రకు బయలుదేరిన ఒక టెంపో వాహనం కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదార్‌పురం సమీపంలో అదుపుతప్పి, డివైడరును దాటి, ఎదురుగా వస్తున్న లారీని ఢీకొన్నది. 14 మంది మరణించారు. ప్రాణాలతో మిగిలినది నలుగురు పిల్లలే. 2022 మార్చి 26వ తేదీ రాత్రి మదనపల్లె - తిరుపతి మార్గంలోని భాకరాపేట కనుమలో, నిశ్చితార్థానికి పోతున్న బంధుజనంతో నిండిన బస్సు లోయలో పడి పలువురు అసువులు బాశారు. కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు.

వీటన్నింటినీ మనం 'ప్రమాదాలు' అనే ఒకే మాటతో వ్యవహరిస్తాము. న్యాయస్థానం మాత్రం అంతటితో ఆగదు. అది ప్రమాదమా, నేరమా, నేరమైతే ఏ స్థాయి నేరం అని ప్రశ్నిస్తుంది.

మూడు మెట్లు

వాహనం తగిలి ఒక వ్యక్తి మరణించిన సంఘటనలను చట్టం స్థూలంగా మూడు మెట్లుగా విభజిస్తుంది.

మొదటిది అనివార్యమైన ప్రమాదం. నడిపే వ్యక్తి తగినంత జాగ్రత్త వహించినా, అతని వశంలో లేని కారణం వలన మరణం సంభవిస్తే అది నేరం కాదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసు ఇందుకు చక్కని ఉదాహరణ. ఆర్టీసీ బస్సు నుండి ఒక ప్రయాణికురాలు జారిపడి, చక్రం క్రింద మరణించింది. డ్రైవరుకు క్రింది న్యాయస్థానాలు శిక్ష విధించాయి. 2000వ సంవత్సరంలో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసింది. ప్రయాణికురాలు పడిపోయినంత మాత్రాన డ్రైవరు నిర్లక్ష్యం వహించాడని ఊహించరాదనీ, అతడు ఏ జాగ్రత్తను విస్మరించాడో సాక్ష్యంతో రుజువు కావాలనీ ఆ తీర్పు సారాంశం. అంతకుముందు 1998లో, కర్ణాటకలో ఒక లారీ బోల్తాపడి 15 మంది మరణించిన కేసులో కూడా, 'అతివేగం' అన్న మాట ఒక్కటే నేరాన్ని నిరూపింపజాలదని సుప్రీంకోర్టు తెలిపింది. వేగం ఎంత, దారి ఎట్టిది, ఆ దారికి ఆ వేగం తగునా అనేవి తేలవలసి ఉన్నది.

రెండవది దుడుకుతనం, నిర్లక్ష్యం. ఈ రెండు మాటలూ ఒకటి కావు. ప్రమాదం జరుగవచ్చునని తెలిసి కూడా 'ఏమీ కాదులే' అన్న ధీమాతో ముందుకు దూకడం దుడుకుతనం. వహింపవలసిన జాగ్రత్తను వహింపకపోవడం నిర్లక్ష్యం. మలుపులో ఎదుటి వాహనం కనబడకపోయినా మరొక వాహనాన్ని దాటబోవడం మొదటిదానికి ఉదాహరణ. బ్రేకులు సరిగా లేవని తెలిసినా బాగుచేయించకుండా కనుమదారి పట్టడం, నిద్రమత్తులో నడపడం, సెల్‌ఫోను చూస్తూ నడపడం రెండవదానికి ఉదాహరణలు. ఈ రెండింటిలోనూ చంపాలన్న సంకల్పం లేదు. అయినా ఇవి నేరాలే. తన చేతిలోని యంత్రం ప్రాణాలు తీయగలదని ఎరిగినవాడు దానికి తగిన జాగ్రత్తను లోకానికి ఋణపడి ఉంటాడన్నది చట్టం యొక్క మూలసూత్రం.

మూడవది ఫలితం తెలిసి చేసిన చర్య. ఈ పని వలన మనుష్యులు మరణించే అవకాశం ఉన్నదన్న ఎరుక ఉండి కూడా చేసినట్లు రుజువైతే, అది నిర్లక్ష్యం పరిధిని దాటి, 'హత్య కాని శిక్షార్హ నరహత్య' అవుతుంది. 2006 నవంబరు 12వ తేదీ వేకువన ముంబయి బాంద్రాలోని కార్టర్ రోడ్డులో, మద్యం సేవించి నడిపిన ఒక కారు కాలిబాటపై నిద్రిస్తున్న కూలీల మీదుగా దూసుకుపోయింది. ఏడుగురు మరణించారు. విచారణ న్యాయస్థానం దానిని నిర్లక్ష్యంగా భావించి ఆరు నెలల శిక్ష విధించింది. హైకోర్టు దానిని శిక్షార్హ నరహత్యగా నిర్ధారించి మూడేండ్లకు పెంచింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయపరచింది. త్రాగి వాహనం నడిపేవానికి దాని ఫలితం తెలియదనడం చెల్లదన్నది ఈ కేసు నేర్పే పాఠం.

శిక్షాస్మృతి నుండి న్యాయసంహిత వరకు

1860లో భారత శిక్షాస్మృతి రూపొందినప్పుడు నిర్లక్ష్యం వలన కలిగిన మరణానికి ప్రత్యేకమైన సెక్షను లేదు. 1870లో '304-ఏ' సెక్షనును అందులో చేర్చారు. దాని ప్రకారం గరిష్ఠ శిక్ష రెండేండ్ల కారాగారం, లేదా జరిమానా, లేదా రెండూ. ఆనాటికి మన దేశపు దారులలో ఎడ్లబండ్లు, గుర్రపుబండ్లు తప్ప మోటారు వాహనాలు లేవు. ఆ కాలపు కొలతతోనే ఒకటిన్నర శతాబ్దం పాటు మోటారు వాహనాల మరణాలను కూడా కొలుస్తూ వచ్చాము. 2000వ సంవత్సరంలో ఒక తీర్పులో, దుడుకుగా నడిపి ప్రాణం తీసిన డ్రైవర్లను ప్రవర్తన బాగున్నదన్న కారణంతో శిక్ష లేకుండా విడిచిపెట్టరాదని సుప్రీంకోర్టు హెచ్చరించింది. ఈ సెక్షనులోని శిక్షను పునరాలోచించవలసిందని 2015లో శాసనకర్తలకు సూచించింది.

2024 జూలై 1వ తేదీ నుండి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చింది. ఇందులోని 106వ సెక్షను మొదటి ఉపవిభాగం, దుడుకుతనం వలనగాని నిర్లక్ష్యం వలనగాని మరణానికి కారణమైనవానికి ఐదేండ్ల వరకు కారాగార శిక్షను, జరిమానాను విధిస్తున్నది. 281వ సెక్షను ప్రకారం, ఎవరికీ హాని జరుగకపోయినా, ప్రాణాపాయం కలిగేటట్లు రహదారిపై వాహనం నడిపితే చాలు, ఆరు నెలల వరకు జైలు లేదా వేయి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఫలితం తెలిసి చేసిన చర్యగా రుజువైతే 105వ సెక్షను క్రింద శిక్ష పదేండ్ల వరకు పోవచ్చును. 106వ సెక్షను మొదటి ఉపవిభాగం క్రింద కేసును మొదటి తరగతి మేజిస్ట్రేటు విచారిస్తారు. 105వ సెక్షను కేసు సెషన్సు న్యాయస్థానానికి పోతుంది.

వీటితోపాటు 1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా వర్తిస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉన్నట్లు తేలితే, మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. నేరం రుజువైన డ్రైవరు లైసెన్సుకు అనర్హుడని ప్రకటించే అధికారం న్యాయస్థానానికి ఉన్నది.

ఇతర దేశాలలో ఈ శిక్షలు మరింత కఠినంగా ఉన్నాయి. బ్రిటన్‌లో ప్రమాదకరంగా వాహనం నడిపి మరణానికి కారణమైనవారికి గరిష్ఠ శిక్ష 14 ఏండ్లు ఉండేది. 2022 జూన్‌లో దానిని యావజ్జీవ కారాగారానికి పెంచారు. శిక్ష పెంచడం వలన మాత్రమే ప్రమాదాలు తగ్గుతాయా అన్నది విజ్ఞులు చర్చించే విషయం. పోయిన ప్రాణానికి చట్టం ఇచ్చే విలువ ఆ శిక్షలో ప్రతిఫలిస్తుందన్నది మాత్రం కాదనలేనిది.

పారిపోవడమా, నిలబడడమా?

దశరథుడు యౌవనంలో సరయూతీరాన వేటాడుతూ, నీటిలో కుండ మునిగే శబ్దాన్ని విని, ఏనుగు నీరు త్రాగుతున్నదని భ్రమించి, కనులతో చూడకుండానే బాణం విడిచాడు. అది ఒక మునికుమారునికి తగిలింది. చంపాలన్న కోరిక అతనికి లేదు. చూడకుండా బాణం వేయడమే అతని అపరాధం. చీకటిలో, అడవిలో, అతనిని చూచినవారు ఎవరూ లేరు. అతడు పారిపోలేదు. నీటికుండ ఎత్తుకొని అంధులైన ఆ తల్లిదండ్రుల వద్దకు వెళ్లి, తన నేరాన్ని తానే చెప్పుకొన్నాడు. తెలియక చేసినందువలన, స్వయంగా వచ్చి చెప్పినందువలన నీవు బ్రతికిపోయావని ఆ ముని పలికినట్లు వాల్మీకి వర్ణించాడు. అయినా శాపం తప్పలేదు. తెలియనితనం, నిజాయితీ నేరభారాన్ని తగ్గిస్తాయి గాని దానిని తుడిచివేయవన్న ధర్మసూక్ష్మం ఇందులో ఉన్నది.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ఈ ధర్మాన్నే శాసనంగా మలచినట్లు కనబడుతుంది. ప్రమాదం జరిగిన వెంటనే గాయపడినవారిని సమీప వైద్యుని వద్దకు గాని ఆసుపత్రికి గాని చేర్చడానికి డ్రైవరు సాధ్యమైన ప్రయత్నమంతా చేయాలి. సాధ్యమైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, సమీప పోలీసు స్టేషనులో తెలియజేయాలి. బీమా సంస్థకు కూడా తెలుపాలి.

'జనం కొట్టి చంపుతారు గనుక పారిపోక తప్పదు' అని డ్రైవర్లు చెప్పే మాటలో కొంత నిజం లేకపోలేదు. శాసనకర్తలు దానిని కూడా ఆలోచించారు. మూక ఆగ్రహం వంటి, తన వశంలో లేని కారణం ఉన్నప్పుడు గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చే బాధ్యత నుండి ఆ సెక్షనే డ్రైవరుకు మినహాయింపు ఇచ్చింది. పోలీసులకు తెలియజేసే బాధ్యత మాత్రం తొలగలేదు. ప్రాణభయం కలిగినవాడు నేరుగా పోలీసు స్టేషనుకు పోవచ్చును. 108కి ఫోను చేయవచ్చును. అది పారిపోవడం కాదు. వాహనాన్ని దాచి, నంబరు పలకను మార్చి, ఏమీ ఎరుగనట్లు ఉండడమే పారిపోవడం.

న్యాయసంహిత 106వ సెక్షనులో రెండవ ఉపవిభాగం కూడా ఉన్నది. ప్రాణం తీసి, పోలీసులకు గాని మేజిస్ట్రేటుకు గాని తెలియజేయకుండా పారిపోయిన డ్రైవరుకు పదేండ్ల వరకు శిక్షను అది నిర్దేశించింది. దీనికి నిరసనగా 2024 జనవరి మొదటివారంలో దేశమంతటా లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాదు పెట్రోలు బంకుల వద్ద వాహనాలు బారులు తీరాయి. ఆ తరువాత ప్రభుత్వం సంహితను అమలుపరచే తేదీని ప్రకటిస్తూ, ఈ ఒక్క ఉపవిభాగాన్ని మాత్రం వాయిదా వేసింది. ఆ వాయిదా వలన డ్రైవరు బాధ్యత తగ్గలేదు. 134వ సెక్షను యథాతథంగా ఉన్నది. దానిని ఉల్లంఘించినందుకు వేరుగా శిక్ష ఉన్నది.

దారినపోయేవారికి కూడా చట్టం అభయమిచ్చింది. గాయపడినవారిని సద్బుద్ధితో ఆసుపత్రికి చేర్చిన వ్యక్తిపై కేసు ఉండదనీ, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనవసరం లేదనీ 2019 నాటి సవరణ స్పష్టపరచింది. 'మనకెందుకు పోలీసు గొడవ' అని ముఖం త్రిప్పుకొనడానికి ఇక కారణం లేదు.

కేసు నడిచే తీరు

సమాచారం అందిన వెంటనే పోలీసులు ప్రథమ సమాచార నివేదిక నమోదు చేస్తారు. సంఘటన ఏ స్టేషను పరిధిలోనిదైనా, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చును. తరువాత పంచనామా, శవపరీక్ష జరుగుతాయి. పోలీసులు సంఘటనా స్థలపు నమూనాచిత్రం గీస్తారు. మోటారు వాహనాల తనిఖీ అధికారి బ్రేకులను, చక్రాలను పరీక్షించి, లోపం యంత్రానిదా మనిషిదా అన్న నివేదిక ఇస్తారు. సాక్షుల వాఙ్మూలాలతో అభియోగపత్రం మేజిస్ట్రేటు వద్దకు చేరుతుంది.

106వ సెక్షను మొదటి ఉపవిభాగం క్రింద బెయిలు పొందడం నిందితుని హక్కు. బెయిలు దొరికినంత మాత్రాన కేసు ముగిసినట్లు కాదు. ఇది ఇరుపక్షాలు రాజీపడి రద్దు చేసికొనగల నేరం కూడా కాదు. పల్లెలలో పెద్దమనుషులు కూర్చుని కొంత సొమ్ము ముట్టజెప్పి 'ఇక కేసు లేదు' అని తేల్చే వాడుక ఉన్నది. ఆ తీర్మానం న్యాయస్థానాన్ని కట్టడి చేయదు. పైగా ఆ చిన్న సొమ్ముతో తృప్తిపడిన కుటుంబం, చట్టం ఇచ్చే పరిహారానికి గల గడువును చేజార్చుకొనే ప్రమాదం ఉన్నది.

నిందితుడే ఆ ప్రమాదంలో మరణిస్తే శిక్షా విచారణ అంతటితో ఆగిపోతుంది. పరిహారం పొందే హక్కు మాత్రం బాధితులకు నిలిచే ఉంటుంది.

కన్నీటికి వెల కట్టలేము గాని...

శిక్ష నేరస్థునికి సంబంధించినది. పరిహారం మృతుని కుటుంబానికి సంబంధించినది. ఈ రెండు విచారణలూ వేరువేరుగా సాగుతాయి. శిక్ష విధించడానికి నేరం నిస్సందేహంగా రుజువు కావాలి. పరిహారానికి అంత కఠినమైన రుజువు అవసరం లేదు. నిర్లక్ష్యం జరిగి ఉండే సంభావ్యత ఎక్కువగా ఉంటే చాలును. కనుక డ్రైవరు నిర్దోషిగా విడుదలైనా కుటుంబానికి పరిహారం లభించవచ్చును.

పరిహారాన్ని మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునలు నిర్ణయిస్తుంది. ప్రమాదం జరిగిన చోటనే దావా వేయాలన్న నిబంధన లేదు. బాధితులు నివసించే ప్రాంతంలోనూ వేయవచ్చును. కుప్పం నివాసి కృష్ణగిరి వద్ద మరణిస్తే, అతని భార్య తమిళనాడు న్యాయస్థానాల చుట్టూ తిరుగవలసిన పనిలేదు. తన ప్రాంతపు ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చును. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం ఆరు నెలలలోపు దావా వేయాలి. ఈ గడువుపై న్యాయస్థానాలలో వివాదాలు లేచినా, ఆలస్యం చేయకపోవడమే క్షేమం.

ట్రిబ్యునలు లెక్క ఎట్లా కడుతుందో ఒక ఊహా ఉదాహరణ ద్వారా తెలిసికొందాము. నెలకు 12,000 రూపాయలు సంపాదించే 35 ఏండ్ల చిరువ్యాపారి ఒకడు లారీ ఢీకొని మరణించాడనుకొందాము. అతనికి తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఏటికి ఆదాయం 1,44,000 రూపాయలు. సొంతవృత్తిలో ఉండి 40 ఏండ్ల లోపువాడు కనుక, భవిష్యత్తులో పెరిగే ఆదాయం క్రింద 40 శాతం కలపగా 2,01,600 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కనుక అతని సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేస్తే 1,51,200 మిగులుతుంది. ఆ వయస్సుకు సుప్రీంకోర్టు నిర్ణయించిన గుణకం 16. గుణించగా 24,19,200 రూపాయలు వస్తుంది. అంత్యక్రియల ఖర్చు, కుటుంబసభ్యులు కోల్పోయిన సాహచర్యం మొదలైనవాటికి ఇచ్చే మొత్తాలు దీనికి అదనం. 2009, 2017 సంవత్సరాలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు ఈ పద్ధతికి ఆధారం.

ఈ సొమ్మును ఎవరు చెల్లిస్తారు? వాహనానికి బీమా ఉంటే బీమా సంస్థ చెల్లిస్తుంది. బీమా లేకపోతే యజమాని తన సొంత ఆస్తి నుండి చెల్లించాలి. నడిపినవానికి లైసెన్సు లేనప్పుడు, ముందుగా బీమా సంస్థ చేత బాధితులకు ఇప్పించి, ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనవలసిందని న్యాయస్థానాలు ఆదేశించడం కద్దు. పాతిక లక్షల రూపాయలంటే ఒక సన్నకారు రైతు పొలమూ, ఇల్లూ కలిపినా చాలనిది కావచ్చును. ఢీకొన్న వాహనం ఏదో తెలియకపోతే, ప్రత్యేక పథకం క్రింద మృతుని కుటుంబానికి రెండు లక్షల రూపాయలు మాత్రమే లభిస్తాయి. పారిపోయే డ్రైవరు తన శిక్షను తప్పించుకొనడమే కాక, ఒక కుటుంబానికి రావలసిన జీవనాధారాన్ని కూడా తనతో తీసికొనిపోతున్నాడని దీని వలన తెలుస్తున్నది.

పదునెనిమిదేండ్లు నిండకముందే...

ఈ పాఠం చదివే మీలో అనేకులకు ఇంకా 18 ఏండ్లు నిండి ఉండవు. 16 ఏండ్లకు 50 సీసీకి మించని మోటారు సైకిలు నడపడానికి మాత్రమే చట్టం అనుమతిస్తుంది. మన వీధులలో నడిచే మోటారు సైకిళ్లలో అత్యధికం అంతకు మించిన సామర్థ్యం కలవి. వాటికి 18 ఏండ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి.

2019 నాటి సవరణ ద్వారా చేరిన 199-ఏ సెక్షను ప్రకారం, మైనరు వాహనం నడిపి నేరం చేస్తే అతని సంరక్షకుడు గాని వాహన యజమాని గాని నేరస్థుడవుతాడు. మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. తనకు తెలియదని, తాను తగిన జాగ్రత్త వహించానని నిరూపించుకొనే భారం కూడా ఆ పెద్దలదే. వాహనం రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏండ్లు నిండేవరకు లైసెన్సు ఇవ్వరు. మైనరుపై విచారణ బాలల న్యాయచట్టం ప్రకారం జరుగుతుంది.

2024 మే 19న పుణే నగరంలో 17 ఏండ్ల బాలుడు నడిపిన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించారు. రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం వ్రాయాలన్న షరతుతో ఆ బాలునికి తొలుత బెయిలు లభించినప్పుడు దేశమంతటా నిరసన వ్యక్తమైనది. ఆ కేసులో బాలుని తండ్రి కూడా అరెస్టయినాడు. ప్రక్క వీధిలోని అంగడికే గదా అని కొడుకు చేతికి తాళంచెవి ఇచ్చే తండ్రి, ఆ క్షణంలో తన పేరును ఒక అభియోగపత్రంపై వ్రాసికొనే అవకాశం కల్పిస్తున్నాడు.

ముగింపు

చట్టం రెండు కాలాలలో మన బాధ్యతను అడుగుతుంది. ప్రమాదానికి ముందు జాగ్రత్తను అడుగుతుంది. ప్రమాదం తరువాత మానవత్వాన్ని అడుగుతుంది. మొదటిది లోపిస్తే నేరం పుడుతుంది. రెండవది లోపిస్తే ఆ నేరం ద్విగుణమవుతుంది. గాయపడిన వ్యక్తిని సకాలంలో ఆసుపత్రికి చేర్చి ఉంటే మరణం తప్పి, గాయాల కేసుగా మిగిలిపోయే సంఘటనలు ఎన్నో ఉంటాయి.

న్యాయమూర్తి ఐదేండ్లు శిక్ష విధించవచ్చును. ట్రిబ్యునలు పాతిక లక్షలు ఇప్పించవచ్చును. చింతచిగురు అమ్మే ఆ తల్లికి బిడ్డను తిరిగి ఇచ్చే శక్తి మాత్రం ఏ న్యాయస్థానానికీ లేదు. ఆ శక్తి ఉన్నది ఒక్కరికే. మలుపు ముందు వేగం తగ్గించే డ్రైవరుకు.

కఠిన పదాలకు అర్థాలు

అసువులు బాయు = ప్రాణాలు విడుచు
అనివార్యమైన = తప్పింప వీలుకాని
శిరసావహించు = తలదాల్చు, గౌరవంతో అంగీకరించు
సంకల్పం = ఉద్దేశం
శాసనకర్తలు = చట్టాలు చేసేవారు
వాఙ్మూలం = సాక్షి చెప్పిన మాటల లిఖితరూపం
అభియోగపత్రం = నిందితునిపై మోపిన నేరాలను తెలిపే పత్రం
సంభావ్యత = జరిగి ఉండే అవకాశం
సంరక్షకుడు = పోషించి కాపాడే బాధ్యత కలవాడు
ద్విగుణం = రెండింతలు

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. వాహనం వలన కలిగిన మరణాలను చట్టం ఎన్ని మెట్లుగా విభజిస్తుంది? సోదాహరణంగా వివరించండి.
2. ప్రమాదం జరిగిన తరువాత డ్రైవరు నిర్వర్తింపవలసిన బాధ్యతలను దశరథుని వృత్తాంతంతో పోల్చి వ్రాయండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. మాధవవర్మ తీర్పునకు, నేటి న్యాయవిధానానికి గల భేదమేమి?
2. దుడుకుతనానికి, నిర్లక్ష్యానికి గల తేడాను తెలుపండి.
3. డ్రైవరు నిర్దోషిగా విడుదలైనా పరిహారం లభించడం ఎట్లా సాధ్యం?
4. మైనరు వాహనం నడిపి నేరం చేస్తే కలిగే పరిణామాలను వ్రాయండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. భారతీయ న్యాయసంహిత ఏ తేదీ నుండి అమలులోకి వచ్చింది?
2. ప్రమాదాన్ని గురించి పోలీసులకు ఎన్ని గంటలలోపు తెలియజేయాలి?
3. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలను కలిపే జాతీయ రహదారి ఏది?

ఈ) మీ కోసం
మీ ఇంటి నుండి కళాశాల వరకు గల దారిలో ప్రమాదావకాశం ఉన్న మలుపులను, కూడళ్లను గుర్తించి, ఒక్కొక్కచోట ఎట్టి జాగ్రత్త అవసరమో పది వాక్యాలలో వ్రాయండి.